మధ్యలో చెకింగ్

వారం దాకా మూత తియ్యొద్దన్నాడు తవిటయ్య.
నాలుగో రాత్రికే నాకు నిద్ర పట్టడం మానేసింది.

డ్రమ్మంటే డ్రమ్మేమీ కాదు,
ఆరంగుళాల పైపు ముక్క, రెండు వైపులా మూతలు,
కింద రెండు రోలర్లు, పాత కూలరు మోటారు.
బాత్రూం గోడవతల పగలూ రాత్రీ గరగర,
ఎవరో తిరగల్లో ఒంటరిగా చోళ్ళు విసురుతున్నట్టు.

పక్కింటి గున్నమ్మ రెండో రోజే అడిగింది:
"ఏటే కండక్టరమ్మా, రాళ్ళు ఉడకేస్తన్నావేటి?"
"నునుపు చేస్తున్నానప్పా."
"ఏటికి?"
ఏటి నుంచి తెచ్చాను గానీ ఏటికో నాకూ తెలీదు.
ఆ ప్రశ్నకి నా దగ్గర చిల్లర లేదు.

మహేంద్రతనయ పక్కన బండి పంచరైన రోజు మొదలైంది.
జాకీ ఎక్కించేలోపు ప్యాసింజర్లు నీడ వెతుక్కుంటే
నేను నీళ్ళలో దిగి ఒకటి ఏరాను,
తర్వాత ఒడి నిండా.
డిపోలో క్యాషు కడుతుంటే నోట్ల మధ్య నించి
గులకరాయొకటి బల్ల మీద దొర్లింది.
ముకుందరావు దాన్ని లైటుకేసి పట్టి చూసి
"ఇది చెల్లదు" అని తిరిగిచ్చాడు.

తవిటయ్య టెక్కలి గ్రానైటు షెడ్డులో పాలిష్ పట్టే మనిషి.
రోజూ ఏడింటి బండికి ఎక్కుతాడు,
ఎంత కడిగినా కనురెప్పల మీద తెల్లపొడి.
మిగిలిన గరుకుపొడి పెరుగు డబ్బాలో తెచ్చిచ్చి
ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు:
ముందు ముతక, తర్వాత సన్నం, ఆపైన మరీ సన్నం, ఆఖర్న మెరుగు.
ముతకపొడి గింజంత మిగిలినా నెల కష్టం గీతలడిపోద్ది.
ఆ బురద తూములో పొయ్యకు, సిమెంటైపోద్ది.
మజ్జలో మూత తియ్యకు.

అన్నీ విన్నాను, చివరిది తప్ప.

పద్దెనిమిదేళ్ళుగా
దారి మధ్యలో చెయ్యెత్తి బండి ఆపే చెకింగ్ వాళ్ళని చూస్తే
టిక్కెట్లన్నీ సరిగ్గా కొట్టినా నాలుక ఎండిపోయే మనిషిని.
ఈ రాత్రి ఒంటిగంటకి
నేనే చెయ్యెత్తాను. స్విచ్ తీసేశాను.
ఇల్లు ఒక్కసారిగా చెవిటిదైపోయింది.

మూత తిప్పితే ఉస్సుమంది.
లోపల చోడంబలి: అదే రంగు, అదే చిక్కదనం, పైన నురగ.
మోచేతి దాకా ముంచి
ఒక్కొక్కదాన్నీ బైటికి లాగి బకెట్లో కడిగాను.

అమ్మా, ఎంత మెరుపు!
ట్యూబులైటు ఒక్కో రాయిలోనూ ఇరుక్కుపోయింది.
నాలుగు రోజులకే పనైపోయిందనీ
తవిటయ్యది ఉత్త చాదస్తమనీ
వాటిని తువ్వాలు మీద పరిచి, పక్కనే కూర్చున్నాను.

ఫ్యాను గాలికి ఆరడం మొదలైంది.
అంచుల నించి లోపలికి
మెరుపు తన స్టాపు వచ్చినట్టు దిగిపోయింది.
మిగిలినవి సుద్దముక్కలు, శుక్లాలు పడ్డ కళ్ళు.
మూలలు అరిగిన మాట మాత్రం నిజం.
తెల్లదాంట్లో ఒక పగులు,
నేను ఏరినప్పుడు లేదు.
ఉందేమో, నేను చూడలేదు.

లెక్కపెట్టాను. అలవాటు.
ముప్పై ఒకటి ఎక్కాయి, ముప్పై ఉన్నాయి.
మళ్ళీ ముప్పై.
డ్రమ్ము అడుగు గోకాను, బకెట్టు తడిమాను.
ఎర్రది లేదు.
అన్నిట్లోకీ నున్ననిది, అందరికీ అదే చూపించేదాన్ని,
ఏటి పగడం అని పేరు కూడా పెట్టాను.
అంబలి వైపు చూస్తే అప్పుడు తెలిసింది
ఆ ఎరుపు చోళ్ళది కాదని.

ఇటుక.
ఎగువనెక్కడో ఎవరి గోడలోనో ఉన్నది
ఏ వరదకో పడిపోతే
ఏరు దాన్ని రాయిని చేసి పంపింది,
నేను టిక్కెట్టు కొట్టాను.

నవ్వొచ్చింది. కాసేపటికి పోయింది.

పెరట్లో గుంట తీసి బురద పోశాను.
రాళ్ళు మళ్ళీ లోపల, రెండు చెంచాలు కొత్త ముతక,
ఖాళీ అయిన చోట్లోకి మెట్టు పక్కన పడున్న కంకరరాయి.
గరగర మొదలయ్యాక గానీ నిద్ర రాలేదు.

పొద్దున్న ఏడింటి బండిలో
చిల్లర నా చేతిలో పెడుతూ తవిటయ్య ఆగాడు.
గోళ్ళ సందుల్లో ఎరుపు.
"తీసేసేవు" అన్నాడు.

"టెక్కలికా?" అన్నాను.