ఉద్యోగం రొట్టె

ట్రంకు రోడ్డులో మా ఫ్లెక్సీల షాపు.
ముఖాలతోనే నా పని.
మచ్చ చెరుపుతా, మెడ సన్నం చేస్తా,
వెనకాల ఒక సూర్యుణ్ణి పెడతా.
కంప్యూటర్లో పదకొండుమంది సూర్యులుండారు,
అందరూ ఉదయించేవాళ్లే.

ఆ ఏడు కోచింగు సెంటరు వాళ్లు
ఒకే పిలకాయ ముఖం మూడొందల చిల్లర వేయించారు.
పెనుబర్తి జశ్వంత్, జిల్లా ఫస్టు.
ఎడమ కనుబొమ మీద గాటు. నేనే పూడ్చా.
రాత్రంతా మిషన్లోంచి
నుదురు ముందుగా పుడతానే ఉండాడు,
కాన్పు కాన్పుకీ అదే నవ్వు.
పొద్దున టీకని బయటికొస్తే
వీఆర్సీ సెంటర్లో వాడే,
ఆత్మకూరు బస్టాండు కాడా వాడే.
మూడో రోజుకి బంధువైపోయాడు.
నాలుగో రోజు
గోడకి తల ఊపి పలకరించా.

రొట్టెల పండగనాడు
స్వర్ణాల చెరువులో నేనూ దిగా.
కోరిక తీరినోళ్లు ఇస్తారు,
తీరాల్సినోళ్లు పట్టుకుంటారు.
ఇచ్చే చెయ్యి పైన, పట్టే చెయ్యి కింద,
నీళ్లు మాత్రం ఇద్దరికీ మోకాలి దాకానే.

"ఫ్లెక్సీ అబ్బాయొచ్చుండాడంట!"
ఎవరన్నారో గానీ
చెరువు మొత్తం ఒక పక్కకి ఒరిగింది.
బీఎడ్డు చేసినోళ్లు, బీటెక్కు చేసినోళ్లు,
బిడ్డని చంకనేసుకొని మొగుడి కోసం వచ్చినామె,
మూడుసార్లు పరీక్ష తప్పిన నేను.

గెలుపు అమ్మవారు కాదు, అంటుకోవడానికి.
తెలుసు. తెలిసే తోశా,
ముందున్న ముసలాయన భుజమ్మీద చెయ్యేసి మరీ.
ఎందుకంటే ఏం చెప్పను?
ఓడినోడి పక్కన నిలబడితే
మన ఓటమికి తోడు దొరుకుద్ది, అంతే.
గెలిచినోడి పక్కన నిలబడితే
మన పేరు కూడా ఎవరన్నా పిలుస్తారేమోనని
చెవికి ఒక ఆశ.
ఇంకోటుంది.
వందసార్లు చూసిన ముఖం
కుక్క లేని ఇంటి గేటు లాంటిది,
చెయ్యి దానంతటదే గొళ్లెం తీస్తుంది.
ఆ వందసార్లూ ఊరికి చూపించింది నేను.
నా ఇంకులో నేనే జారిపడ్డా.

దగ్గరికి పోయేసరికి
గాటు ఉన్నచోటే ఉంది.
జ్వరమొచ్చి లేచినోడిలా ఉండాడు పిలకాయ.
వాడు తెచ్చిన రొట్టెలు ఎప్పుడో అయిపోయాయి.
వాళ్ల మామ గట్టు మీద అంగట్లో కొని
అందిస్తా ఉండాడు, వీడు పంచుతా ఉండాడు.
చూశా. చూసి కూడా చెయ్యి చాపా.
నా వెనక ఎవర్నో చూస్తా నవ్వాడు,
నేను దిద్దిన నవ్వే.

తిరిగొస్తుంటే రెండు బారల అవతల ఒకామె,
స్టీలు డబ్బా, మూత మీద తడిగుడ్డ.
"ఉద్యోగం రొట్టె, ఉద్యోగం రొట్టె"
అంటా ఉంది,
వార్డులో నిద్రపోయేవాళ్లని లేపకుండా
నర్సుని పిలిచే గొంతుతో.
ఒక్కరూ తిరగలా.
నేనూ తిరిగేవాణ్ణి కాదు.

"ఏమయ్యా, నువ్వు ఫ్లెక్సీల పిలకాయవి గదా!
పోయిన వానల్లో పాతదొకటి ఇస్తివే,
మా రేకుల మీదికి!"
నాకు గుర్తు లేదు. చానామందికిస్తా.
పేరు చెంగమ్మంట.
పెద్దాసుపత్రిలో పన్నెండేళ్లు రోజుకూలి ఆయమ్మ,
ఈ మార్చిలో పర్మనెంటు.
తెల్లారుజామున లేచి బెల్లం పెట్టి కాల్చిందంట.
"పొద్దుట్నించి చూస్తా ఉండా సామీ,
ఇంత జనంలో
తెలిసిన ముఖం నీదొక్కటే కనపడింది."

పట్టుకున్నా.
కవర్లో రెండోదిగా వేసుకున్నా.

పొదలకూరు రోడ్డు గుంతల్లో
బండి ఎగిరెగిరి పడింది.
ఇంటికొచ్చి తీస్తే
రెండూ ఒకటే రంగు, ఒకటే వంకర,
ఒకదాన్నొకటి కరుచుకొని ఉండాయి.

అమ్మ చేతులు కడుక్కొని వచ్చింది.
"వీటిల్లో ర్యాంకు పిలకాయది ఏదిరా?"

నాకు తెలీదు.
పైదాన్ని చూపించా.
అమ్మ దాన్ని కళ్లకద్దుకుంది.