కళ్ళజోడు, నిడమానూరు దగ్గర

తెల్లారుజామున నాలుగున్నరకి ఫోను.
"ఏసోబూ, గన్నవరం పోవాలి.
హైదరాబాదులో మా ఆపా పోయింది.
జొహర్ నమాజు కాగానే మట్టి."

మిర్చియార్డులో ముప్పై ఏళ్ళు కాటా వేసినవాడు ఖాసింపీరా.
టిక్కీకి అరచెయ్యి ఆనిస్తే చాలు,
ముల్లు కదలకముందే బరువు చెబుతాడు.
విమానం మాత్రం ఎన్నడూ ఎక్కలేదు,
షెడ్ల మీదుగా పోయేదాన్ని తలెత్తి చూసి
కోరుకి రెండు తుమ్ములు తుమ్మడం తప్ప.

పెదకాకాని దాటేదాకా నోరు విప్పలేదు.
కాజ టోలుగేటు దగ్గర అడిగాడు:
"ఎంతసేపురా అది?"
గంట లోపే, యాభై అయిదు నిమిషాలని
టికెట్టు మీద వేశాడన్నా.
"దూరమో?"
రోడ్డయితే మూడొందలకి కాస్త తక్కువ,
పైనయితే రెండొందల యాభై చిల్లర.
పైన మలుపులుండవుగా.

మంగళగిరి కొండ వెనక్కి పోయేదాకా ఆలోచించి
"మలుపుల్లేకపోతే ఏ ఊరు దాటామో
ఎట్టా తెలుస్తదిరా" అన్నాడు.

వారధి మీద మంచు. కింద కృష్ణ ఉందో లేదో.
రామవరప్పాడు రింగు తిరిగాక
కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు,
పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.
నేను అద్దం కొంచెం పైకి తిప్పేశా.

దించి వస్తుంటే నిడమానూరు దగ్గర టైరు పోయింది.
పంచరు కొట్టు కుర్రాడు అప్పుడే లేచి
వేపపుల్ల నముల్తున్నాడు.
ఇడ్లీ తిన్నా. రెండు టీలు తాగా.
వాడు జాకీ ఎత్తుతుంటే నెత్తి మీద మోత.
చెయ్యూపా.
కుర్రాడు నవ్వితే దించేశా.

సబ్బునీళ్ళు పోసి బుడగ కోసం చూసి,
మేకు దొరికి, మేకుతో పాటు ఇంకో మేకూ దొరికి,
బేరం ఇంకా తెగలేదు,
ఫోను.

"దిగానురా. మేనల్లుడు బయట నిలబడ్డాడంట."

నేనింకా నిడమానూరే.

"వాళ్ళ కాటా తప్పు ఏసోబూ.
నా సంచి ఆరున్నర. ఆరూముప్పావు చూపించింది.
చెబితే ఆ పిల్ల నవ్వింది.
పోన్లే, పావుకేజీతో ఇప్పుడేం పని."
కాసేపు ఏదో మైకు మోత, సూట్‌కేసుల చక్రాలు.
"నా జోడు నీ కార్లో గాని పడిందేమో చూడు."

వెనక సీటు కింద ఉంది.
ఒక కాడకి నల్లదారం చుట్టి,
మడత బందులో ఎర్రగా మిరపపొడి.
ఉంది మామా, అన్నా.

"సరే. ఉంచు."

పక్కసీట్లో పెట్టుకుని బయల్దేరా.
బెంజి సర్కిల్లో సిగ్నలు మూడుసార్లు మారినా
నా వరస కదల్లేదు.
ఆయన ఫలక్‌నుమాకి వెళ్ళిపోయే ఉంటాడు.
జోడు లేకపోతే గజం దూరంలో మనిషిని
గొంతుని బట్టే గుర్తుపడతాడు.
అక్కడ గొంతు ఉండదు.

ఎవరన్నా ఆయన చెయ్యి పట్టి
ఆమె నుదుటి మీద పెడితే బాగుండు.
ఆ చేతికి పావుకేజీ తేడా కూడా తెలుస్తుంది.

వెనకనించి హారను.
పెట్టెలో పెట్టబోయి ఒకసారి పెట్టుకు చూశా.
ముందున్న లారీ ఎంత దూరంలో ఉందో
తెలీలేదు.