వెంట్రుకల పక్క

చిత్తూరు బయట, గుడిపాల రోడ్డులో
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. రాత్రి షిఫ్టు.
తోతాపురి లారీలు గేటు బయట వరస కట్టినాయి.
తూకం మిషను చెడిపోయింది, మెకానిక్కు ఇంకా రాలేదు.
నాకు రెండు గంటలు దొరికినాయి.

దూరవిద్య ఎం.ఏ., మూడో పేపరు, ఏడో పాఠం:
ఐర్లండుకు క్రైస్తవం రాక, వ్యాప్తి. పది మార్కులు.

పేజీ మీద ఈగలు. తోలినా పోవు, నా వేళ్ళకే తీపి.
గొర్రెలు కాసిన బానిస పిల్లోడొకడు
ఓడెక్కి పారిపోయి, ఏండ్ల తర్వాత
తనను కట్టేసిన మనుషుల దగ్గరికే తిరిగొచ్చినాడంట.
కత్తి పట్టుకోని కాదు.
నాలుగు పల్లెలకొక రాజు. ప్రతి రాజు వాకిట్లో ఆగి
కానుకలిచ్చి, దారి అడిగి.
పాత దేవతల బావులు పూడ్చలేదు,
బావికి ఇంకో పేరొచ్చింది. జ్వరమొచ్చిన బిడ్డకు
తల్లులు ఆ నీళ్ళే చేదుకున్నారు.

ఇంతవరకు గీతలు గీసుకుంటా వచ్చినా.
తర్వాతి పేజీలో పెన్ను నిలిచిపోయింది.

అక్కడ తాటాకు లేదు, కాగితం లేదు.
వాక్యాన్ని దూడ తోలు మీద రాసినారంట.
సున్నం నీళ్ళలో నానేసి, వంకర కత్తితో గీకి,
చట్రానికి బిగించి, ఆరబెట్టి.
ఒక్క పెద్ద పుస్తకానికి నూరు దూడలకు పైనే.

సున్నం గుంట నాకు తెలుసు.
పలమనేరు పక్కన మా పల్లెలో, ఇంటి వెనకే ఉండేది.
మా అబ్బ, రిజిస్టర్లో జెకర్యా, ఊరి నోట్లో జెకిరిగాడు,
మోకాళ్ళ దాకా దిగి తోళ్ళు తిప్పేవాడు.
తంగేడు చెక్క వాసన ఆయన పంచెకు,
మా అన్నానికి, నా బడి సంచికి.
చిన్నప్పుడు ఆ చేతుల్తో పలక ముట్టినాడని
అయివారు ఆయన్ని ఎండలో నిలబెట్టి
పలకను మూడుసార్లు కడిగించినాడంట.
చదువు తర్వాతెప్పుడో వచ్చింది, మిషను బడిలో, లాంతరు కింద.
బైబిలు అట్ట చినిగితే తనే తోలుతో కుట్టుకున్నాడు.

ఆ దేశంలో తోలు లేకుంటే దేవుడికి పుస్తకమే లేదు.
మా ఊర్లో...
వదిలేస్తా. పది మార్కుల జవాబులో ఇదంతా పట్టదు.

తెల్లారి ఆరున్నర బస్సుకు పల్లెకు పోయి
అబ్బకు చెప్పినా: దూడలు, సున్నం,
సముద్రంలో రాతిగుట్ట మీద గూళ్ళు కట్టుకున్న సన్నాసులు,
చలికి వేళ్ళు కొంకర్లు పోతే
పేజీ అంచున విసుక్కున్న రాతగాళ్ళు.
కాఫీ సల్లారిపోయింది.
ఆయన కండ్లు తడుస్తాయనుకున్నా.

ఆయన నా పుస్తకం తీసుకోని
పేజీ మూలను బొటనవేలితో రుద్ది చూసినాడు,
సంతలో తోలు చూసినట్టే.
"వెంట్రుకల పక్క రాసినారా, మాంసం పక్కా?"

పాఠంలో లేదబ్బా.

"రెండు పక్కలా సిరా ఒకే మాదిరి నిలవదు పాపా.
వెంట్రుకల పక్క ఎంత గీకినా చుక్కలుంటాయి.
రాసినోనికి తెలిసుంటుంది. కనుక్కో."

శనివారం పరీక్ష.
మామిడి మరక పక్కన, మార్జిన్లో,
ఆయన అడిగింది రాసి పెట్టుకున్నా.