తొడిమ

లాడ్జి సెంటరు దాటాక
మెడికల్ షాపు పైన రెండో అంతస్తులో ఆ హాలు.
నా వంతు రాగానే మైకులో అన్నారు:
"ఇప్పుడు మన మిర్చి యార్డు నుంచి..."
పేరు తర్వాత చెప్పారు.

పేరు దీవెన.
రాతలకి వేరే పేరు పెట్టుకుందామని
నోటుపుస్తకం వెనక అట్టమీద
పదకొండు రాసి కొట్టేశాను.
ఒకటి మరీ సినిమా పేరులా ఉంది.
ఒకటి మా వీధి టైలరుది.
చివరికి మిగిలింది
నేను పెట్టుకోనిది.

ఆ రోజు నేను చదివింది మంచు గురించి.
మంచు నేను చూడలేదు.
చలి తెలుసు:
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
టిక్కీలు లెక్క రాసిన రెండు వేసవులు,
బయట రోడ్డు కరుగుతుంటే
లోపల నా ఊపిరి నాకు కనపడేది.
మొదటిసారి చూసి నవ్వొచ్చింది.
ఇన్నేళ్ళూ ఇది నాలోంచే వస్తోందా అని.

చదవడం అయిపోయింది.
పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని
"బాగుందమ్మా, భాష ఉంది.
కానీ ఇందులో నువ్వెక్కడ?
నీ బతుకు రాయి. ఘాటు రావాలి" అన్నాడు.
టీ దగ్గర ఇంకొకాయన మెల్లిగా
ఇంటిపేరు అడిగాడు.
చెప్పాను.
"ఓహో" అన్నాడు.
ఆ ఓహోలో ఆయనకి
మా పేట దొరికింది, మా చర్చి దొరికింది,
చెప్పులు చేతపట్టుకు నడిచిన మా తాత దొరికాడు.
నేను టీ తాగేసి గ్లాసు ఎక్కడ పెట్టాలో
కాసేపు చూశాను.

ఘాటు రాయలేదని కాదు.
కిందటేడు రాశాను.
చప్పట్లు బాగా పడ్డాయి, పేపర్లో కూడా వేశారు.
ఇంటికొచ్చి చదువుకుంటే
అందులో అమ్మ దగ్గు ఉంది,
అమ్మ లేదు.
పేకాటలో ముక్క దాచే అమ్మ,
పాస్టరుగారి గొంతు అచ్చం దింపి
పొయ్యికాడ మమ్మల్ని పడిపడి నవ్వించే అమ్మ
ఒక్క పంక్తిలోకీ రాలేదు.
నేనే రానివ్వలేదేమో.
నవ్వితే చప్పట్లు తగ్గుతాయని
నాకు అప్పటికే తెలిసుండాలి.

యార్డులో మా పని ఇది:
కాయ పట్టుకో, తొడిమ తుంచు,
ఎర్రది ఇటు, తాలు అటు.
తొడిమ తీసిన కాయకి రేటెక్కువ.
హాల్లో అలా కాదు,
తొడిమతో ఉంటేనే కాయ చెల్లుతుంది.
ఏ చేను, ఎవరి చేను,
ఏ కొమ్మకి ఎట్లా వేలాడింది,
ముందు అది చూపించాలి.
తర్వాతే కొరికి చూస్తారు.

అట్లాగని నేను తొడిమ లేకుండా కాశానా?
తుంచిన చోట కాయకి చిన్న గుంట ఉంటుంది.
ఎన్ని బస్తాలు తీసినా
అది లేని కాయ నాకు దొరకలేదు.

సోమవారం మధ్యాహ్నం
షెడ్డు నీడలో క్యారేజీలు విప్పాం.
సలోమి అడిగింది, "ఏం చదివావే అక్కడ?"
కాయితం తీసి చదివాను.
మంచు పడుతూ ఉంది, పడుతూ ఉంది,
చెట్లు భుజాలు దించుకున్నాయి,
దారి తన పేరు మర్చిపోయింది.
సుగుణక్క ముద్ద ఆపి అడిగింది:
"ఆడ కూలెంత ఇస్తారు?"
అందరం నవ్వాం.
నవ్వితే తుమ్ములు, తుమ్మితే మళ్ళీ నవ్వు.

సలోమి నవ్వలేదు.
మజ్జిగలో ముంచినా మంట తగ్గని
కుడిచేతి వేళ్ళు ఐదూ చీరకి తుడుచుకుని
నా కాయితం మీద పెట్టింది,
సరిగ్గా మంచు పడుతున్న చోట.
కళ్ళు మూసుకుంది.
"ఉండవే, తీయకు" అంది.

గంట కొట్టారు.
కాయితం మీద అయిదు ఎర్రటి మచ్చలు.
శుభ్రంగా తిరగరాద్దామని
రాత్రి ఇంకో కాయితం తీశాను.
రాయలేదు.
దీన్నే పంపిస్తాను.
పేరు రాసే చోట
ఇంకా ఏమీ రాయలేదు.