కాలని తీగ

ఒజుర్గెతి శివార్లో ఎతేరి రేకుల షెడ్డుకి
తేయాకు ఫ్యాక్టరీ వాళ్ళు మోటారుని తెచ్చి
మనిషిని దించినట్టు దించారు.
మే నెల. ఆకు కోసి తెచ్చేశారు.
నలిపే యంత్రం ఆగిందంటే
తెల్లారేసరికి పచ్చివాసన పులిసిపోతుంది.

మూత విప్పకముందే ఆమె ముక్కు దగ్గర పెట్టింది.
"వార్నిష్ మాడింది" అంది. అంతే.

నేను పనిలో చేరి అప్పటికి పదకొండు రోజులు.
మూడు తీగలెందుకు, రెండు చాలవా అన్న ప్రశ్న
నోట్లో నానుతూ ఉంది. ఆ పూట కక్కేశాను.

సుత్తి కింద పెట్టి పాడింది!
కింది గొంతులో ఒక ముక్క,
అది ఒడ్డు చేరకముందే నడిమి గొంతులో ఇంకో ముక్క,
అదీ దిగుతుండగా కోడిపుంజులా పైగొంతు.
గూరియా మనిషి కదా,
ఒంటిగొంతు పాట వీళ్ళకి సగం పాటే.
"ఒకడు ఊపిరి పీల్చుకునే చోట
ఇంకొకడు ఎత్తుకుంటాడు.
వినేవాడికి ఎక్కడా తెగదు."

మూలనున్న మరో మోటారు గూడు ముందుకి లాగింది.
లోపల చుట్టూరా మూడు జట్ల రాగి.
ఒకటి నిండా పొంగినప్పుడు
మిగతా రెండూ చెరి సగం వెనక్కి లాగుతాయి.
మూడు కొసలూ కలిసే ముడి దగ్గర
ఏ క్షణం లెక్క ఆ క్షణానికే సున్నా.
అప్పు మిగలదు కాబట్టి
తిరిగి మోసుకెళ్ళే నాలుగో తీగ అక్కర్లేదు.

కొద్దిగా కరెంటు వదిలి
పాత బేరింగులోంచి తీసిన ఉక్కు గోళీ పడేసింది.
గోళీ గోడ పట్టుకుని గిర్రున తిరిగింది,
ఎవరూ తరమకుండానే.
రెండు తీగలు అటుది ఇటు మార్చింది.
దారి తప్పినవాడికి ఇల్లు గుర్తొచ్చినట్టు
గోళీ వెనక్కి తిరిగింది.

"నడిమి రోటర్‌కి ఏ తీగా తగలదు.
కనపడని ఆ తిరుగుడు వెంట పడి పోతుంది.
దానివి నిమిషానికి పదిహేను వందల చుట్లు,
దీనివి పద్నాలుగు వందల నలభై.
అందుకుందా, ఆ క్షణమే దీని బలం పోతుంది.
ఆ వెనకబాటే మన ఆకు నలుపుతోంది."

అప్పుడు విప్పింది, మాడినదాన్ని.
రెండు జట్లు బొగ్గు.
మూడోది తోమిన చెంబులా తళతళ.
"ఇదొక్కటీ గట్టిది" అన్నాను.
"తలకిందులుగా చదువుతున్నావు.
ఫ్యూజు పోయింది దీని దారిలోనే.
ఇది ఏమీ మోయలేదు.
తిరుగుతున్న మోటారు ఆగిపోదు, మూలుగుతుంది.
దీని వంతు కూడా మోసి
ఆ రెండూ బుగ్గయ్యాయి."

గుమ్మంలో కలిస్త్రాతే, ఫ్యాక్టరీ మెకానిక్కు,
టోపీ చేతిలో నలుపుతున్నాడు.
"మూలుగు విన్నాను ఎతేరీ.
రాత్రి రెండింటికి. ఆకు పాడవుతుందని ఆపలేదు."
వాడి తమ్ముడు సెవెరియాన్ నేల చూశాడు.
వీళ్ళు ముగ్గురన్నదమ్ములని,
పైగొంతు అంబాకోదని ఊరందరికీ తెలుసు.
మూడు చలికాలాలైంది.
వాళ్ళింటి గోడమీద
అంబాకో ఒక్కడికే ఇంకా జుట్టు నల్లగా ఉంది.

ఎవరూ ఆ మాట అనలేదు.
ఎతేరి కత్తెర తీసి
కాలిన రెంటినీ కోసింది,
మెరిసేదాన్నీ కోసింది.
"ఇది బాగానే ఉందిగా" అన్నాను.
"మూడూ ఒక్కరోజే చుట్టాలి" అంది,
నా వైపు చూడకుండా.

రెండు రాత్రులు పట్టింది.
మీట నొక్కగానే మోటారు
ఒక్క ఉలికిపాటుతో లేచి, సర్దుకుని,
సన్నగా, నిండుగా మోగింది.
కలిస్త్రాతే దాని మీద అరచెయ్యి ఆనించి
ఆ శ్రుతికే కింది గొంతు కలిపాడు.
సెవెరియాన్ నడిమిది అందుకున్నాడు.
పైన కాస్త చోటు అలాగే ఉండిపోయింది.
మోటారు తిరుగుతోంది.

చెత్తబుట్టలోంచి ఆ మెరిసే తీగ జానెడు
నేను జేబులో వేసుకున్నాను.