బుధవారం నీళ్లు

కాపులుప్పాడ లేఅవుట్లో
మంచినీళ్ల గొట్టానికి గొయ్యి తీస్తుంటే
మూడడుగుల లోతున పార ఖంగుమంది.
ఇటుక.
మన ఇటుక కాదు. మూరెడు పొడవు,
ఎత్తితే చంటిబిడ్డ బరువు.
కాంట్రాక్టరు సన్యాసినాయుడు అటూ ఇటూ చూసి
"ఏటీ నేదు, పూడ్సీండి" అన్నాడు.
ఆఫీసరెవరైనా వింటే పని ఆగిపోద్దని బెంగ.

నేను ఓడల్లో ఆయిలరుగా చేసినోణ్ణి.
ఒకసారి ఇటలీలో ఇంజను పాడై
పంతొమ్మిది రోజులు ఒడ్డున పడున్నాం,
రోముకి అవతల, లోకల్ రైలు ఆఖరికి ఆగే ఊళ్లో.
ఊరంటే ఏముంది, మన మధురవాడే.
అపార్ట్‌మెంట్లు, టైర్ల కొట్టు, ఆదివారం నిద్ర.
బస్టాపు వెనక మాత్రం రెండువేల ఏళ్ల గోడ.
దాని పగుళ్లలో సిగరెట్ పీకలు,
దాని మీద ఎవరిదో ఎర్ర దుప్పటి ఆరుతోంది.
నేను గోడని చూశాను.
బస్సు కోసం చూసేవాళ్లు నన్ను చూశారు.
ఒక ఇటుక మీద కుక్క అడుగు,
తడి ఆరకముందే తొక్కేసి పోయింది.
ఎవడో కసిరే ఉంటాడు దాన్ని,
నాకు రాని ఏదో భాషలో.

మా కొండ మీద, సన్యాసులున్న చోట
రోము వెండి నాణేలు దొరికాయంటారు.
వాటిని తెచ్చిన ఓడకి ఇంజను లేదు,
ఆయిలరుతో పని లేదు.
గాలి తిరిగేదాకా ఒడ్డున పడున్నవాడు మాత్రం
ఒకడు ఉండే ఉంటాడు.
వాడికి ఇక్కడి చేపల పులుసు సహించిందో లేదో.

గొయ్యిలోకి దిగి ఇటుక తిప్పాను.
కుక్క లేదు.
నాలుగు వేళ్లు.
తడి మట్టి మీద ఈడ్చిన గీతలు,
చిటికెన వేలిది కొంచెం వంకర.
నా చెయ్యి ఆనించాను, గీతలు దాటి పోయింది.
పాలకొండ నించి కూలికొచ్చిన అసిరమ్మ
సిమెంటు చెయ్యి చీరకి తుడుచుకుని
పెట్టి చూసింది. సరిపోయింది.
"ఆడమనిసిదే బావూ" అంది.
ఇంకేమీ అనలేదు, తట్ట ఎత్తుకుంది.

మధ్యాహ్నం అవే మూడు ఇటుకలు
ఆమె పొయ్యికి కుదిరాయి.
సరుగుడు పుల్లలు, సముద్రం గాలి, మంట ఓ పట్టాన నిలవలేదు.
గంజి పొంగి ఇటుక మీదుగా కారింది.
వేళ్ల గీతల్లో మసి చేరి
పొద్దుటికంటే ఇప్పుడే బాగా కనిపిస్తున్నాయి.

సాయంత్రానికి గొట్టం వేసి మట్టి కప్పేశారు.
ఇటుకలేమయ్యాయని నాయుడు అడగలేదు.
నేనూ చెప్పలేదు.
బుధవారం నీళ్లు వదులుతారట.