నాలుగు వందల పద్నాలుగు

బ్రాడీపేటలో ఇల్లంటే రెండంకెలు, మధ్యన ఒక ఏటవాలు గీత.
నాలుగో లైను, గీత, పద్నాలుగో అడ్డరోడ్డు.
పోస్టుమాను, గ్యాసు కుర్రాడు, బాకీలవాడు
అందరూ ఆ గీత పట్టుకునే మా గుమ్మం దాకా వస్తారు.
ఫారానికి మాత్రం ఒళ్ళంతా ఎర్రబడింది.
ప్రత్యేక గుర్తులు అనుమతించబడవు.
గీత తీసేశాను.
నాలుగు వందల పద్నాలుగైంది మా ఇల్లు.
అదెక్కడుందో నాకూ తెలీదు.

జిలానీ నెట్ సెంటర్లో మూడో కుర్చీ,
గట్టిగా మొత్తితేగానీ పలకని కీబోర్డు.
మొదట రెజ్యూమే ఎక్కించమంది, ఎక్కించాను.
తర్వాతి పేజీలో, ఆ రెజ్యూమేలో ఉన్నదంతా
మళ్ళీ టైపు చెయ్యమంది.
చదివింపుల కవరు విప్పకుండానే జేబులో వేసుకుని
ఇంతకీ ఎంత పెట్టావు అని అడిగినట్టుంది.

ఫోటో ఇరవై కేబీ దాటాలి, యాభై దాటకూడదు.
జిలానీ నన్ను నొక్కి నొక్కి నలభై తొమ్మిదికి దించాడు.
"ఇంకా తగ్గిస్తే మొహం పోద్దక్కా."

పుట్టిన జిల్లా గుంటూరంటే
నరసరావుపేట పిన్‌కోడు ఒప్పుకోలేదు.
పల్నాడంటే టెన్త్ సర్టిఫికెట్ ఒప్పుకోలేదు.
నేను పుట్టినచోటు అక్కడే ఉంది బాబూ,
జిల్లాయే లేచి పక్కకెళ్ళింది.
ఆ మాట రాయడానికి గడి లేదు.

ఇంతా చేసి ఉద్యోగం కారం కంపెనీలో.
మిర్చియార్డు దాటగానే గేటు, షేరాటోలో ఇరవై రూపాయలు.
సోమవారం పోయాను కూడా.
"ఆన్‌లైనమ్మా, అంతా ఆన్‌లైన్" అన్నాడు వాచ్‌మన్ చువ్వల్లోంచి.
అతని వెనక పట్టాల మీద తేజ కాయలు ఆరబోసున్నాయి.
ఆరలేదవి. గాలి వాసనకే తెలిసింది.

ఆరేళ్ళు కోల్డ్ స్టోరేజీలో చేశాను.
గుప్పెడు కాయలు చెవి దగ్గర ఆడిస్తే
గింజ మోగే తీరును బట్టి
తేమ పదో పన్నెండో చెప్తాను.
మిషను పెట్టి మూడుసార్లు పరీక్షించిన షావుకారు
నాలుగోసారి మిషనే అమ్మేశాడు.
స్కిల్స్ జాబితా కిందికి, ఇంకా కిందికి లాగాను.
తేమ లేదు. చెవి లేదు. మిరపకాయ అసలే లేదు.
దగ్గరగా ఉన్నదొక్కటే, లిజనింగ్ స్కిల్స్.
నొక్కాను.

పాత యజమాని ఈమెయిల్ తప్పనిసరి, పక్కన ఎర్రచుక్క.
వీరరాఘవులు గారికి ఈమెయిల్ లేదు,
పోయినేడు నుంచి వీరరాఘవులు గారే లేరు.
జిలానీ తన మెయిల్ ఇచ్చాడు.
నేనెలాంటిదాన్నో ఎవరైనా ఆరా తీస్తే
నా పక్కన టీ తాగుతున్నవాడే చెప్పాలిక.

ఆరో పేజీలో ఓటీపీ.
పొయ్యి మీద పాలకు కాసినట్టు ఫోనుకి కాపలా కాశాం.
అది పొంగేసరికి పొయ్యి ఆరిపోయింది.
మీ సమయం ముగిసినది. దయచేసి మొదటి నుండి ప్రారంభించండి.
దయచేసి అన్న మాటకి ఇంత ఘాటుంటుందని
యార్డులో పుట్టి పెరిగినా తెలిసేది కాదు.

రెండోసారి వేళ్ళే నింపుకుంటూ పోయాయి,
నేను ఊరికే చూస్తూ కూర్చున్నాను.

ప్రింటు తీస్తే పైన పేరు: మేరీ సుగుణ కుమా.
ఇంగ్లీషులో పదహారు అక్షరాలే పడతాయట, ఖాళీలతో కలిపి.
"రి ఏదిరా?"
జిలానీ పాపం కాగితం తిప్పి వెనక కూడా చూశాడు.
తొంభై అవ్వాలి, ముప్పై తీసుకున్నాడు.

అర్ధరాత్రి మెయిలొచ్చింది.
ప్రియమైన కుమా గారికి, మీ దరఖాస్తు అందినది.

దోమతెరలో పడుకుని ఆమె గురించే ఆలోచించాను.
నాలుగు వందల పద్నాలుగులో ఉంటుంది,
ఏ జిల్లాలోనూ పుట్టలేదు,
మొహం నలభై తొమ్మిది కేబీలు,
బాగా వింటుందట.
ఆమెకైనా వస్తే బావుణ్ణు ఆ ఉద్యోగం.
వస్తే
పనిలోకి నేను పోతాను.